కొండల్లేని ఊళ్ళో చలికాలం

(ఉంగుటూరులో ధనుర్మాసపు రోజుల్లో జరిగిన సభలో చేసిన స్మారకోపన్యాసం పాఠం)



వెనక బ్యానరు మీద ఎవరి పేరుందో మీ అందరికీ తెలుసు. ఆ పేరు పెట్టి ఆయన్ని పిలిచినవాళ్ళు మాత్రం ఈ చుట్టుపక్కల తక్కువ. రేషన్ కార్డుకీ, పెళ్ళిచూపులకీ, పదో తరగతి హాల్ టికెట్టుకీ, చివరికి పోయినవాళ్ళకి కట్టించే పటానికీ ఆయన స్టూడియో మెట్లెక్కిన ఊరు ఇది. ఊరికి ఆయన ఫోటో మాస్టారు. నేనూ ఇవాళ అలాగే అంటాను. కమిటీవారు నాకిచ్చిన అంశం ‘ప్రకృతి దృశ్యాలు, చలికాలపు జానపదం, ఫోటోగ్రఫీ’. మూడింటినీ విడివిడిగా మాట్లాడితే మూడు సభలు కావాలి. ఈ నేల మీద, ఈ నెలలో, ఆ మూడూ ఒకటే పని. ఎందుకలా అంటున్నానో చెప్పి కూర్చుంటాను.

ముందు ఒక ఫిర్యాదు. ఇంకొన్నాళ్ళలో మీ ఫోన్లలోకి సంక్రాంతి శుభాకాంక్షల బొమ్మలు వస్తాయి. ప్రతి బొమ్మలోనూ రెండు కొండలు, వాటి సందులోంచి పొద్దు, కింద ఏరు, పూరిల్లు, ముగ్గు, గంగిరెద్దు, హరిదాసు. ఉంగుటూరులో ఎటు తిరిగి నిలబడితే రెండు కొండలు కనపడతాయి? నూజివీడు వైపు వెళ్తుంటే నేల ఎర్రబడుతుంది, కాస్త ఉబ్బుతుంది. ఆగిరిపల్లిలో శోభనాచలం ఉంది. మనకి మాత్రం ఆకాశం నేలను తాకేచోట గీత గీసినట్టుంటుంది. కాలవ గట్టు, తాడిచెట్టు, గడ్డివామి, కరెంటు తీగ. అంతే. మాస్టారి స్టూడియోలో తెర మీద కూడా కొండలే ఉండేవి, ఒక సరస్సుతో సహా. ఆ రోజుల్లో ఏ ఊరి స్టూడియోలో చూసినా అలాంటి తెరే. పుట్టి బుద్ధెరిగాక ఊరు దాటని మనిషి తన ఫోటోలో వెనకాల ఒక కొండ కావాలనుకుంటే తప్పు పట్టను. కానీ మాస్టారు కెమెరా సంచీ భుజాన వేసుకుని వీధిలోకి వచ్చాక ఎన్నడూ కొండ కోసం వెతకలేదు. ఆయన నెగెటివులు చూస్తే నాకు ముందు తట్టింది ఇదే.

(మన ఉంగుటూరు గురించి బయట మాట్లాడితే ‘కొల్లేరు పక్కనేగా’ అంటారు. అది ఏలూరు జిల్లాలో ఉన్న ఇంకో ఉంగుటూరు. 2022లో జిల్లాలు విడగొట్టినప్పుడు నూజివీడు ఆ జిల్లాలోకి వెళ్ళింది, మనం కృష్ణాలోనే ఉండిపోయాం. దాంతో గందరగోళం ఇంకాస్త పెరిగింది. మామిడికి మాత్రం ఈ గీతలేవీ తెలియవు.)

ప్రకృతిలో నాటకం చూపించాలంటే ఎత్తు కావాలని మనకొక నమ్మకం. కొండ, లోయ, జలపాతం. ఆ లెక్కన చదును నేలకు చూపించడానికేమీ లేదు. మాస్టారి నెగెటివులు వేరే సంగతి చెబుతాయి. చదును నేలకు ఎత్తు లేకపోయినా వేళ ఉంది. తెల్లవారుజామున అయిదున్నర నుంచి ఎనిమిది దాకా, మార్గశిర పుష్య మాసాల్లో, ఈ గీత లాంటి నేల రోజుకొక రకంగా కనపడుతుంది. ఆ రెండున్నర గంటలూ మనిషి దుప్పటి ముసుగు తీసి బయటికి రావడానికి ఒక కారణం కావాలి. ఆ కారణాన్ని మనకు కట్టిపెట్టింది మన ఆచారం.

మన మంచు సంగతి చూడండి. మబ్బూ గాలీ లేని డిసెంబరు రాత్రి నేల తన వేడినంతా ఆకాశానికి వదిలేస్తుంది. కోసిన మాగాణిలో ఇంకా చెమ్మ ఉంటుంది, కాలవల్లో నీళ్ళుంటాయి, ఇప్పుడు వీటికి చేపల చెరువులు తోడయ్యాయి. నేలనంటిన గాలి చల్లబడి, అందులోని ఆవిరి సన్నటి బొట్లుగా మారి అక్కడే నిలబడిపోతుంది. కొన్నిచోట్ల మబ్బే వచ్చి కొండను తాకుతుంది. ఇక్కడ మంచు నేలలోంచి లేస్తుంది. అందుకే ఒక్కోరోజు దీనికి పైకప్పు ఉంటుంది. తాడిచెట్టు మట్టలు ఎండలో మెరుస్తుంటాయి, మొదలు కనపడదు. గన్నవరంలో దిగాల్సిన విమానం పైన చక్కర్లు కొడుతుంటుంది. పైలట్‌కి పైన నీలాకాశమే, రన్‌వే మాత్రం కనపడదు.

ఇలాంటి మంచులో కెమెరా మోసపోతుంది. అందులోని మీటరుకి లోకమంతా నడిమి బూడిద రంగులో ఉంటుందని నమ్మకం. కాంతిలో సుమారు 18 శాతాన్ని తిప్పి పంపే బూడిద అది. తెల్లటి మంచు చూపిస్తే దాన్నీ బూడిద చేసేస్తుంది. మన కుర్రాళ్ళ ఫోటోల్లో మంచు మురికినీళ్ళలా ఉండేది ఇందుకే. ఒక స్టాపు, ఒక్కోసారి ఒకటిన్నర స్టాపు ఎక్కువ వెలుగు ఇవ్వాలి. మీటరు లేని కెమెరా వాడిన మనిషి కాబట్టి మాస్టారికి ఈ మోసం తెలియదు, ఆ అవసరమూ లేదు. ఆయన తన అరచేతిని వెలుగులో పెట్టి చూసేవాడు. ఇంకొకటి కూడా ఆయన నెగెటివుల్లో గమనించాను. మంచులో దూరపు లెన్సు పెడితే మనకీ చెట్టుకీ మధ్య గాలి ఎక్కువై మంచు చిక్కబడుతుంది. దగ్గరికెళ్ళి వెడల్పు లెన్సుతో తీస్తే పలచబడుతుంది. ఆయన దగ్గర ఉన్నది ఒకే లెన్సు. కాబట్టి మంచు చిక్కగా కావాలంటే వెనక్కి నడిచాడు, పలచగా కావాలంటే ముందుకి నడిచాడు. 120 ఫిల్ము రోలు, చదరపు ఫ్రేములు పన్నెండు. పెళ్ళికి పోను మిగిలిన ఒకటి రెండు ఫ్రేములే ఇలాంటి వాటికి. ఇవాళ ఫోన్‌లో నూట యాభై తీసి నూట నలభై తొమ్మిది తుడిచేసే మనకి ఆ నడక లెక్క అందదు.

ఇప్పుడు గడియారం దగ్గరికి వద్దాం. ఇది నాకు చాలా ఇష్టమైన సంగతి, కాస్త ఓపిక పట్టండి.

ధనుర్మాసం డిసెంబరు 16 ప్రాంతంలో మొదలవుతుంది. నెల పట్టారంటాం. ఆ రోజు మన దగ్గర పొద్దు పొడిచేది దాదాపు ఆరున్నరకి. డిసెంబరు 21, 22 దాటాక పగలు పెరుగుతుందని బళ్ళో చెప్పారు కదా. నిజమే, పెరుగుతుంది, అయితే అంతా సాయంత్రం వైపే. ఉదయం ఇంకా వెనక్కే పోతుంటుంది. భోగి నాటికి పొద్దు పొడుపు ఆరూ నలభైకి చేరుతుంది, జనవరి మూడో వారం దాకా అక్కడే ఉంటుంది. భూమి అక్షం వాలు ఒక కారణం. జనవరి మొదటి వారంలో భూమి సూర్యుడికి అన్నిటికంటే దగ్గరగా వచ్చి వేగంగా తిరగడం ఇంకో కారణం. రెండూ కలిసి అసలు మధ్యాహ్నాన్ని గడియారపు మధ్యాహ్నం నుంచి రోజుకి దాదాపు అర నిమిషం చొప్పున వెనక్కి నెడతాయి. అంటే నెల పట్టిన రోజు నుంచి భోగి దాకా మన తెల్లవారుజాము రోజురోజుకీ సాగుతూ పోతుంది. పొద్దు ఎక్కక ముందు ఉండే నీలిరంగు వెలుగు, అంటే నీడలు లేని, ముఖాలు నునుపుగా కనపడే వెలుగు, ఏటా మనం మేలుకుని చూసే నెల ఇదొక్కటే. ముగ్గు వేసే చేయీ, హరిదాసు అడుగూ, గుడి గంటా ఆ వెలుగులోనే ఉంటాయి.

సంక్రాంతి కూడా గడియారంలో నిలిచి ఉండదు. వివేకానందుడు పుట్టింది మకర సంక్రాంతి నాడు. ఆ రోజు 1863 జనవరి 12. మనం ఇప్పుడు 14న, కొన్నేళ్ళు 15న చేసుకుంటున్నాం. దాదాపు డెబ్భై ఏళ్ళకి ఒక రోజు చొప్పున ముందుకి జరుగుతోంది. పంచాంగం నక్షత్రాల లెక్కన నడుస్తుంది, ఇంగ్లీషు క్యాలెండరు ఋతువుల లెక్కన నడుస్తుంది కాబట్టి. మన మునిమనవళ్ళు ఇంకాస్త ఆలస్యంగా భోగిమంట వేసుకుంటారు.

సామెతలు చెప్పే లెక్క ఇంకా సూటిగా ఉంటుంది. మార్గశిరంలో మాట్లాడ పొద్దుండదు. సంక్రాంతికి చంక ఎత్తనివ్వని చలి. శివరాత్రికి చలి శివశివా అంటూ పోతుంది. వాతావరణ శాఖ బులెటిన్‌కి ముందు రైతుకి ఉన్న బులెటిన్ ఇది. జానపదమంటే పాటా ఆటా అనుకుంటాం గానీ, అందులో సగం ఇలాంటి కొలతలే. ఎప్పుడు లేవాలి, ఎప్పుడు విత్తాలి, ఎప్పుడు దుప్పటి తీసేయాలి.

ఇక హరిదాసు. చీకటితో బయల్దేరతాడు. నెత్తి మీద గుమ్మడికాయ ఆకారంలో అక్షయపాత్ర, చేతిలో చిరతలు, భుజాన తంబుర, కాళ్ళకి గజ్జెలు. ఊరు తిరిగి ఇంటికి చేరేదాకా ఆ పాత్ర కింద పెట్టడు, ఇంకో మాట మాట్లాడడు. పిల్లలు బియ్యం తెస్తే వాళ్ళ చేతికందేలా మోకాలు వంచి కూర్చుంటాడు. ఈ నియమం ఫోటోగ్రాఫరుకి ఏం చేస్తుందో ఆలోచించండి. “కాస్త ఆగండి దాసుగారూ, ఇటు చూడండి, ఇంకోసారి నడవండి” అని అడగడానికి లేదు. ఆయన మీ కోసం ఆగడు. ఆయన ఎక్కడ ఆగుతాడో, అంటే ఏ గుమ్మం ముందు, ఏ వీధి మలుపులో, ఏ వేపచెట్టు కింద నిమిషం నిలుస్తాడో మీరే తెలుసుకుని, ముందే అక్కడికి చేరి నిలబడాలి. మాస్టారు తీసిన హరిదాసు ఫోటోల్లో మనిషి చాలా చిన్నగా ఉంటాడు. పెద్దగా ఉండేది వీధి, మంచు, ఒక పక్కన పాలేరు ఊడుస్తున్న పశువుల చావిడి. నాకు మొదట్లో ఇదేం కూర్పు అనిపించింది. ఆయన హరిదాసు నడిచే దారిని తీశాడని తర్వాత అర్థమయింది.

ఇలాంటి పనికి విదేశాల్లో కూడా పేరున్న ఉదాహరణ ఉంది. షార్ల్ ఫ్రేజె అనే ఫ్రెంచి ఫోటోగ్రాఫరు యూరప్ పల్లెల్లో చలికాలపు వేషాలు తీశాడు. ఎలుగుబంట్లు, గడ్డి మనుషులు, కొమ్ముల దయ్యాలు. ‘వైల్డర్ మాన్’ అన్న ఆ పుస్తకం 2012లో వచ్చింది. పండగ జనంలోంచి ఒక్కొక్క వేషాన్నీ బయటికి తెచ్చి, ఖాళీ పొలంలో, మంచులో నిలబెట్టి తీశాడు. బొమ్మలు అద్భుతం, ఒప్పుకుంటాను. కానీ ఆ పద్ధతి మనకి పనికిరాదు. వేషం వేసుకున్నవాడు అక్కడ కాసేపు నిలబడగలడు. హరిదాసుది వేషం కాదు, వ్రతం. పాత్ర దించమని అడిగిన క్షణాన మీరు తీయాలనుకున్నది అక్కడ ఉండదు.

నిలబెట్టి తీసే అలవాటు మనకి తెల్లదొరల కాలంలో వచ్చింది. ఎడ్గార్ థర్‌స్టన్, కె. రంగాచారి సాయంతో, 1909లో దక్షిణ భారత కులాలూ తెగలూ అంటూ ఏడు సంపుటాలు అచ్చు వేశాడు. గంగిరెద్దులవాళ్ళ గురించీ అందులో రాశాడు. మనుషుల ముక్కులూ తలలూ కొలిచిన మనిషి ఆయన. ఆ పుస్తకాల్లోని ఫోటోల్లో చాలావాటికి ఆ కొలబద్ద వాసన ఉంటుంది. మనిషి కెమెరా వైపు తిరిగి బిగుసుకుని నిలబడి ఉంటాడు. ఆయన వెనక ఊరు లేదు, కాలం లేదు. ఏ నెలలో తీశారో చూసి చెప్పలేం. ఇవాళ పండగ రోజుల్లో హైదరాబాదులో, విజయవాడలో రిసార్టుల ముందు గంగిరెద్దులవాళ్ళని నిలబెట్టి తీస్తున్న ఫోటోలూ ఆ కోవలోవే. రంగులు మాత్రం ఎక్కువ.

దీనికి ఎదురుగా క్రిస్టఫ్ ఫాన్ ఫ్యూరర్ హైమన్‌డార్ఫ్‌ని పెట్టి చూడొచ్చు. 1940లో జోడేఘాట్‌లో కుమ్రం భీము నేలకొరిగాక, నిజాం ప్రభుత్వం గోండుల బాధలు తెలుసుకోవడానికి పంపిన మనిషి. ఆదిలాబాదు కొండల్లో ఏళ్ళ తరబడి ఉండి తీసిన ఆయన ఫోటోలు లండన్‌లోని సోయస్ గ్రంథాలయంలో ఉన్నాయి. కేస్లాపూర్ నాగోబా జాతర చలికాలపు జాతర. పుష్య అమావాస్య రాత్రి మహాపూజ. మెస్రం వంశంవాళ్ళు జన్నారం దగ్గర హస్తినమడుగు నుంచి గోదావరి నీళ్ళు కాలినడకన తెస్తారు, కేస్లాపూర్‌లో మర్రిచెట్ల కింద దిగుతారు. ఆ మర్రిచెట్లు లేకుండా జాతర ఫోటో తీయలేరు, జాతర లేకుండా ఆ మర్రిచెట్ల ఫోటోకి అర్థం లేదు. అక్కడ గోండుల మొర వినే దర్బారు మొదలుపెట్టించింది కూడా హైమన్‌డార్ఫే. ఆయన ప్రభుత్వం పంపగా వెళ్ళినవాడే, కాదనను. కానీ మనిషిని నేల మీద నిలిపి చూశాడు.

మన తెలుగు ఫోటోగ్రాఫర్లలో కోరుట్లలో పుట్టిన బండి రాజన్‌బాబు ఆదివాసుల నలుపు తెలుపు చిత్రాల్లో వెలుగుని ఎంతో పొదుపుగా వాడాడు. గుడిమల్ల భరత్ భూషణ్ వరంగల్లు వైపు బతుకమ్మను కొన్ని దశాబ్దాలు తీశాడు. ఒకరు 2011లో, ఒకరు 2022లో వెళ్ళిపోయారు. కృష్ణా జిల్లా హరిదాసుకి, గొబ్బెమ్మకి అలా జీవితం పెట్టిన పేరున్న ఫోటోగ్రాఫరు ఒకరైనా నాకు తట్టడం లేదు. మాస్టారిలాంటి ఊరి స్టూడియోవాళ్ళే ఉన్నారు, వాళ్ళ పేర్లు ఏ పుస్తకంలోనూ ఉండవు.

గొబ్బెమ్మ అన్నాను కదా. దాని నెత్తిన పెట్టే గుమ్మడిపువ్వు తెల్లవారకముందే విచ్చుకుంటుంది, ఎండెక్కేసరికి ముడుచుకుంటుంది. పది గంటలకి మీరు కెమెరా తీసుకొస్తే వడలిన పువ్వు దొరుకుతుంది. ముగ్గుది కూడా అదే వరస. కళ్ళాపి నల్లగా తడిగా ఉన్నంతసేపే తెల్లటి గీత లేచి కనపడుతుంది. పొద్దు పక్క నుంచి తగిలితే పిండి గీతకి సన్నటి నీడ పడి ముగ్గుకి మందం వస్తుంది. నెత్తి మీదికొస్తే బల్లపరుపు. నిలబడి కిందికి చూసి తీసే ముగ్గులు నాకు విసుగు. గడప ఎత్తుకి కెమెరా దించండి. ముగ్గు దాటి వీధి, వీధి దాటి మంచు, ఆ మంచులో ఎదురింటి అమ్మాయి వంగిన ఆకారం. అదీ చదును నేల మనకిచ్చే లోతు. కనుమ దాటాక వేసే రథం ముగ్గులో తాడు గీత పక్కింటి వాకిట్లోకి సాగుతుంది, అక్కణ్ణుంచి ఆ పక్కింటికి. వీధి పొడవునా సాగే ఆ గీతను ఒకే ఫ్రేములో చూపించిన ఫోటో నేనింతవరకు చూడలేదు. ఈసారి ఎవరైనా మేడెక్కి ప్రయత్నించండి.

భోగిమంట గురించి రెండే మాటలు. మంట వెలుగు ఎర్రటి పసుపు, తెల్లవారుజాము ఆకాశం నీలం. రెండూ కలిసి ఉండేది ఇరవై నిమిషాలు. ఫ్లాష్ వేస్తే రెండూ చస్తాయి. మంటను చూపించకండి, మంట చుట్టూ ఉన్న ముఖాలు చూపించండి.

ఇప్పుడు అసలు విషయానికొస్తాను. మామిడి.

మనందరం మంచు అందంగా ఉందంటున్నాం. డిసెంబరు, జనవరి మామిడికి పూత కాలం. తెల్లవారుజామున నూజివీడు దారిలో తోట పక్కన ఆగితే, పూసిన బంగినపల్లి చెట్టు మంచులో లేత గులాబీ, పసుపు కలిసిన పొగలా ఉంటుంది. అంత మెత్తటి దృశ్యం తెలుగునేల మీద ఇంకోటి లేదని నా నమ్మకం. లంబసింగి వెళ్ళొచ్చినవాళ్ళు నామీద కోప్పడినా సరే. ఆ తోట గట్టు మీద స్టాండు వేసి నేను మురిసిపోతుంటే రైతు బీడీ వెలిగించుకుని అన్నాడు: “మీకు బొమ్మ, నాకు మందు ఖర్చు బాబూ.”

మంచు మామిడికి చెరుపని పెద్దలు ఊరికే అనలేదు. మబ్బు, మంచు, చెమ్మ నాలుగు రోజులు వరసగా ఉంటే పూత కాడల మీద బూడిద తెగులు తెల్లగా పరుచుకుంటుంది. తేనెమంచు పురుగు పూతలోని రసం పీలుస్తుంది. అది విసర్జించే జిగురు ఆకుల మీద మెరుస్తుంది, ఎండ తగిలితే ఫోటోలో బిందువులుగా చాలా బాగుంటుంది. తర్వాత ఆ జిగురు మీద మసి తెగులు పట్టి ఆకు నల్లబడుతుంది. ఒక్కో పూత గెలకి వందల కొద్దీ, ఒక్కోసారి వేల కొద్దీ పూలుంటాయి. వాటిలో చివరికి కాయగా నిలిచేవి ఒకటో రెండో. పూత మీదే తోటను గుత్తకి ఇచ్చేసే రైతులు ఎందరో. అంటే మనం ఫోటో తీసే మంచు, ఆ వారంలో తోట ధరను తేలుస్తుంటుంది. చినరసం ఏ ధరకి పోతుందో, నున్న మార్కెట్టుకి ఎన్ని లారీలు వెళ్తాయో ఈ తెల్లవారుజాముల్లోనే సగం నిర్ణయమైపోతుంది.

2017లో బంగినపల్లికి భౌగోళిక గుర్తింపు వచ్చినప్పుడు పేపర్లన్నీ పసుప్పచ్చ కాయల ఫోటోలు వేశాయి. సహజమే. కాయ ఫోటో ఎవరైనా తీస్తారు. బూడిద తెగులు పట్టిన పూత వెనక, నెత్తికి తువ్వాలు చుట్టుకుని గంధకం పిచికారీ చేస్తున్న మనిషి, ఆయన వెనక మంచులోంచి పైకొస్తున్న పొద్దు: ఈ ఫోటో కావాలి మనకి. మాస్టారి దగ్గర ఒకటుంది. చేతిపంపు కాలం నాటిది. నాకు అందులో నచ్చింది పొద్దు కాదు, పిచికారీ తుంపర్లూ మంచూ ఒకటే తెలుపులో కలిసిపోవడం. ఏది చెరుపో ఏది మందో కంటికి తేడా తెలియదు.

పొగ గురించి ఒక పిట్టకథ. ఫిలిప్పీన్స్‌లో మామిడి చెట్లు పూయడానికి తోటల్లో రోజుల తరబడి పొగ పెట్టేవారు. 1970ల్లో రామోన్ బార్బా అనే శాస్త్రవేత్త పొటాషియం నైట్రేటు పిచికారీ కనిపెట్టాక ఆ పొగ అవసరం తగ్గింది. మన భోగిమంటకీ మామిడి పూతకీ సంబంధముందని నేననడం లేదు. చలికాలం, పొగ, పూత అనే మూడింటినీ పక్కపక్కన పెట్టుకున్న రైతులు ఇంకోచోట కూడా ఉన్నారని చెప్తున్నా.

కొండలంటే నాకు పగేమీ లేదు. చింతపల్లి పైన లంబసింగి, పాడేరు దగ్గర వంజంగి మబ్బుల సముద్రం, అరకు వలిసె పూలు, అన్నీ చూడాల్సినవే. ఒక్కటే అడుగుతాను. వంజంగి మీద నిలబడి తీసిన వేల ఫోటోల్లో వీపులు కనపడతాయి, చేతులు చాచిన కుర్రాళ్ళ వీపులు. ఆ మబ్బు కింద ఊళ్ళున్నాయి, ఆ చలికి అక్కడివాళ్ళ లెక్కలేవో ఉంటాయి. ఆ లెక్క తెలుసుకుని వచ్చిన ఫోటోగ్రాఫరు దొరికితే వచ్చే ఏడు ఈ వేదిక మీద నా బదులు ఆయన్ని పిలవండి.

అమెరికాలో ఆన్సెల్ ఆడమ్స్ పేరు వినే ఉంటారు. కొండల ఫోటోగ్రాఫరు. ఆయన తీసిన వాటిలో జనం మళ్ళీ మళ్ళీ చూసేది మాత్రం న్యూ మెక్సికోలో హెర్నాండెజ్ అనే పల్లె మీద చంద్రోదయం. కింద చిన్న చర్చి, సమాధుల మీద తెల్లటి శిలువలు, వాటి మీద పడమటి పొద్దు చివరి వెలుగు. మీటరు దొరకలేదు. చంద్రుడి కాంతి ఎంతో ఆయనకి కంఠతా వచ్చు, ఆ లెక్కన తీశాడు. రెండో ప్లేటుకి తిప్పేలోగా శిలువల మీంచి వెలుగు పోయింది. ఎప్పుడు తీశాడో ఆయనకే సరిగా గుర్తు లేదు, ఒక్కోచోట ఒక్కో ఏడు చెప్పాడు. ఖగోళ లెక్కలు వేసేవాళ్ళు చంద్రుడి ఎత్తుని బట్టి అది 1941 నవంబరు 1 సాయంత్రమని తేల్చారు. ఫోటోలో ఆకాశం సరిగ్గా ఉంటే తేదీ తానే బయటపడుతుంది. ఊరూ, దాని నమ్మకమూ, ఆకాశమూ ఒకే ఫ్రేములో ఉన్నాయి కాబట్టే ఆయన తీసిన మంచుకొండల కంటే ఆ పల్లె ఎక్కువ నిలిచింది. ఇది నా అభిప్రాయం. ఆయన అభిమానులు ఒప్పుకోకపోవచ్చు.

మనవాళ్ళు కొందరు ఇంకో మాట అంటుంటారు. హరిదాసులు మోపెడ్ ఎక్కారు, మైకు పెట్టారు, ఇంకేం తీస్తాం అని. మోపెడ్ మీద అక్షయపాత్రతో వస్తున్న మనిషిని తీయండి. 2021 నవంబరులో నిర్మలా సీతారామన్ ఒక వీడియో పంచుకున్నారు, గంగిరెద్దు నుదుటి మీద క్యూఆర్ కోడు, జనం ఫోన్‌తో డబ్బు వేస్తున్నారు. కొందరు నవ్వారు, కొందరు బాధపడ్డారు. నాకైతే అది థర్‌స్టన్ సంపుటాల్లోని ఏ ఫోటో కంటే నిజమైన బొమ్మ. కొత్త బియ్యం ఇంటికొచ్చే నెల కాబట్టి ఒకప్పుడు బియ్యం వేశారు. ఇప్పుడు చాలా ఇళ్ళలో కోత కోసేది లేదు, జేబులో ఫోనుంది. అది కూడా ఈ నేల కథే. కోతలు చూపించకుండా హరిదాసుని చూపిస్తే, బియ్యం ఎక్కణ్ణుంచి వచ్చాయో, ఎందుకు ఆగిపోయాయో తెలియదు.

మాస్టారిని పొగిడాను. ఒక తగువు కూడా ఉంది ఆయనతో. నెగెటివు కవర్ల మీద పెళ్ళిళ్ళకి మాత్రమే పేర్లు రాశాడు. డబ్బిచ్చినవాళ్ళ పేర్లు. మిగతావాటి మీద ‘మంచు’, ‘దాసు’, ‘తోట’, ‘ఎద్దు’, అంతే. తేదీ లేదు. దాసుకి పేరుంటుంది కదా, ఎద్దుకి కూడా ఉంటుంది. ఆయన కాలంలో ఎవరికీ అది అవసరమనిపించలేదు. ఇప్పుడు ఆ లోటు పూడ్చగలిగినవాళ్ళు ఈ హాల్లో ముందు వరసల్లో కూర్చున్నారు.

కాబట్టి వారి కుటుంబానికీ, కమిటీకీ నేను అడిగేది ఇది. ముందు ఆ డబ్బాలు అటక మీంచి దించండి. అటక మీద వేసవి వేడికి ఫిల్ము పాడవుతుంది. మూత తీయగానే పుల్లటి వెనిగర్ వాసన వేస్తే ఆ నెగెటివు కుళ్ళడం మొదలైందన్నమాట, దాన్ని మిగతావాటి నుంచి వెంటనే వేరు చేయండి, లేకపోతే పక్కవాటికీ అంటుకుంటుంది. ప్లాస్టిక్ కవర్లు తీసేసి కాగితం కవర్లలో నిలువుగా పేర్చండి. కాలేజీ పిల్లల చేత స్కాన్ చేయించండి. సంక్రాంతికి అమెరికా నుంచీ హైదరాబాదు నుంచీ అందరూ దిగుతారు, ఆ మూడు రోజులూ పంచాయతీ ఆఫీసు గోడ మీద చిన్న ప్రింట్లు అంటించి, పక్కన పెన్సిలు కట్టి ఉంచండి. ఎవరు, ఏ వీధి, ఏ తోట, ఏ ఏడు. డెబ్భై దాటిన అమ్మల్ని కుర్చీ వేసి కూర్చోబెట్టి అడగండి. ముగ్గుని చూసి ఇది ఎవరి చేయో చెప్పగలరు వాళ్ళు.

ఇంకొకటి. ఆ డబ్బాల్లో హరిదాసులవీ, గంగిరెద్దులవాళ్ళవీ ఫోటోలు చాలా ఉన్నాయి. వాటి కాపీ ఒక్కటైనా ఆ ఇళ్ళకి చేరినట్టు లేదు. పేర్లు తెలిశాక పది బై పన్నెండు సైజులో ప్రింటు వేయించి, వెనక మెత్తటి పెన్సిలుతో పేరూ ఏడూ రాసి, కనుమ నాడు ఇచ్చే సంభావనతో పాటు అందించండి. ఖర్చు ఎంతవుతుందో లెక్క వేసి చెప్పండి, నా వంతు ఇవాళే ఇచ్చి వెళ్తాను.